చర్మం కింద తాళంచెవి

2017 ఆగస్టు 1న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, రివర్ ఫాల్స్ అనే చిన్న ఊళ్ళో ఒక కంపెనీ తన ఉద్యోగులకు చిప్పుల పండగ చేసింది. ఆఫీసు క్యాంటీన్లలో ఎవరికి కావలసింది వాళ్ళే కొనుక్కునే కియోస్కులు తయారుచేసే త్రీ స్క్వేర్ మార్కెట్ అనే సంస్థ అది. అందులో ఎనభై మంది దాకా పనిచేసేవారు. వారిలో యాభై మంది దాకా తమంతట తామే ముందుకొచ్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న మెత్తటి చోట చిన్న చిప్పు వేయించుకున్నారు. ఒక్కోదానికి మూడు వందల డాలర్ల ఖర్చు కంపెనీయే పెట్టుకుంది. ఆ తర్వాత చెయ్యి చూపితే ఆఫీసు తలుపు తెరుచుకుంది, కంప్యూటర్ లాగిన్ అయింది, క్యాంటీన్ కియోస్కు బిల్లు కట్టించుకుంది. టీవీల వాళ్ళు వరస కట్టారు. చూసిన జనం రెండుగా చీలిపోయారు. ఇదే రేపటి లోకమని కొందరు, ఇది పశువులకు వేసే ముద్రలాంటిదని మరికొందరు. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ పేచీ లేదు: ఒంట్లోకి వెళ్ళింది కాబట్టి ఆ చిప్పు చాలా శక్తిమంతమైనదే అయ్యుంటుందని. నా వాదన తేడా పడేది అక్కడే. ఒంట్లో ఉన్న చిప్పు జేబులో ఉన్న కార్డు కంటే శక్తిమంతమైనదేమీ కాదు. తలుపుకు కాపలాగా చూస్తే కొన్ని విధాల బలహీనమైనది కూడా. దాన్ని చెయ్యి లోపల పెట్టడం వల్ల ఒనగూడే లాభం ఒక్కటే, ఎక్కడా మరచిపోలేం. ఆ ఒక్క లాభానికి బదులుగా ఏం ఇచ్చుకుంటున్నామో తెలియాలంటే ముందు లోపల ఏముందో చూడాలి.

వాడుకలో ఎక్కువగా ఉన్న రకం పన్నెండు మిల్లీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం ఉండే గాజు గొట్టం. వడ్లగింజ కంటే కాస్త పెద్దది. శరీరం తిరస్కరించకుండా ఉండేలా తయారుచేసిన గాజు అది. రెండు కొసలూ కరిగించి మూసేస్తారు. లోపల ఫెరైట్ అనే పదార్థంతో చేసిన కడ్డీ, దాని చుట్టూ సన్నటి రాగి తీగచుట్ట, ఆ తీగకు కలిపిన సిలికాన్ చిప్పు ఉంటాయి. బ్యాటరీ లేదు. లావుపాటి సూది ఉన్న సిరంజితో చర్మం కిందికి తోస్తారు. పని నిమిషంలో అయిపోతుంది. దానికి కావలసిన కరెంటు బయటి నుంచే వస్తుంది. తలుపు పక్కన గోడకు బిగించిన రీడర్‌లో మరో తీగచుట్ట ఉంటుంది. అందులో సెకనుకు లక్షా పాతిక వేల ఆవర్తనాలు చేసే కరెంటు పారితే అది పాత రకం రీడర్, కోటీ ముప్పై అయిదు లక్షలు దాటితే కొత్త రకం. మారే అయస్కాంత క్షేత్రం పక్కనున్న తీగలో విద్యుత్తును పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇక్కడ పనిచేసేది. చెయ్యి దగ్గరికి రాగానే లోపలి తీగచుట్టలో కాస్త కరెంటు పుడుతుంది, నిద్రపోతున్న చిప్పు లేస్తుంది. లేచాక కూడా అది సొంతంగా తరంగాలేమీ పంపదు. రీడర్ నుంచి తాను లాక్కునే శక్తిని ఒక లయలో ఎక్కువ తక్కువ చేస్తూ పోతుంది. ఆ హెచ్చుతగ్గులను రీడర్ తన తీగచుట్టలో పసిగట్టి ఒకట్లు, సున్నాలుగా చదువుకుంటుంది. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి మెడలోని కార్డును రీడర్‌కు ఆనించి ట్యాప్ చేసినప్పుడు జరిగేది అచ్చంగా ఇదే.

ఈ భౌతికశాస్త్రం తెలిస్తే ఒక పెద్ద భయం దానంతటదే తగ్గిపోతుంది. చిప్పు ఉన్న మనిషి ఎక్కడికి వెళ్ళినా ఉపగ్రహాలు కనిపెట్టేస్తాయని చాలామంది నమ్మకం. ఉపగ్రహ సంకేతాలను అందుకుని తన స్థానం లెక్కకట్టి, దాన్ని ఎవరికైనా పంపాలంటే బ్యాటరీ, యాంటెనా, మొబైల్ నెట్‌వర్క్ కావాలి. ఈ గాజు గొట్టంలో అవేవీ లేవు, పట్టవు. పైగా చిన్న తీగచుట్ట చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం దూరంతో పాటు మామూలుగా తగ్గదు. కాస్త దూరం దాటాక దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే చేతి చిప్పును చదవాలంటే రీడర్‌కు దాదాపు ఆనించాల్సిందే. చర్మం, మాంసం ఈ క్షేత్రానికి పెద్దగా అడ్డం రావు; అసలు ఇబ్బంది తీగచుట్ట మరీ చిన్నదవటం. ఇంకో చిక్కు కూడా ఉంది. కార్డులోని తీగచుట్ట బల్లపరుపుగా, వెడల్పుగా ఉంటుంది, రీడర్‌కు ఎదురుగా పెడితే చాలు. గాజు గొట్టంలోది కడ్డీ చుట్టూ చుట్టినది, క్షేత్రరేఖలు ఆ కడ్డీ పొడవునా దూరితేనే సరిగ్గా అందుకుంటుంది. కాబట్టి చిప్పు వేయించుకున్నవాళ్ళు ప్రతి కొత్త రీడర్ దగ్గరా చేతిని అటూ ఇటూ తిప్పుతూ, ఎక్కువసార్లు రీడర్ అంచు దగ్గరే, పనిచేసే చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. అలా గాలిలో చెయ్యి ఊపగానే తెరుచుకునే తలుపులు సినిమాల్లోనే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో సైబర్నెటిక్స్ ప్రొఫెసర్ కెవిన్ వార్విక్ 1998 ఆగస్టు 24న తన ఎడమ చేతిలో ఇలాంటిదే పెట్టించుకున్నాడు. తొమ్మిది రోజుల పాటు ఆయన విభాగంలో తలుపులు ఆయన వస్తుంటే తెరుచుకున్నాయి, దీపాలు వెలిగాయి, తర్వాత తీయించేశాడు. 2005లో అమెరికాకు చెందిన అమల్ గ్రాఫ్‌స్ట్రా తన ఇంటి, ఆఫీసు తలుపుల కోసం చేతిలో చిప్పు వేయించుకుని, చివరికి 2013లో డేంజరస్ థింగ్స్ అనే అంగడి తెరిచాడు. దాదాపు అదే కాలంలో నడిచింది వెరిచిప్ కథ, మన వాదనకు అదే ముఖ్యం. ఫ్లోరిడాకు చెందిన ఒక సంస్థ తయారుచేసిన ఆ చిప్పుకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2004 అక్టోబరులో వైద్య అవసరాలకు అనుమతి ఇచ్చింది. స్పృహ తప్పిన రోగి చేతి మీద స్కానర్ పెడితే పదహారంకెల నంబరు వస్తుంది, దాంతో డాక్టరు కంప్యూటర్‌లో రోగి వివరాలు చూసుకుంటాడు, అంతే దాని ఉద్దేశం. కానీ వ్యాపారం అక్కడితో ఆగలేదు. అదే ఏడాది బార్సిలోనాలోని బాహా బీచ్ క్లబ్ తన ప్రత్యేక ఖాతాదారులకు ఆ చిప్పు వేసి, లోపలికి రానివ్వడానికీ మందు బిల్లు వసూలు చేయడానికీ వాడుకుంది. మెక్సికో అటార్నీ జనరల్ తనకూ తన సిబ్బందిలో కొందరికీ నేర సమాచార కేంద్రంలో ప్రవేశం కోసం చిప్పులు వేయించినట్టు ప్రకటించాడు. 2006లో ఒహాయోలోని సిన్సినాటిలో నిఘా వీడియోలు భద్రపరిచే సిటీవాచర్ అనే కంపెనీ, ఆ గదిలోకి వెళ్ళే ఉద్యోగులకు చిప్పులు వేయించింది. రోగి ఎవరో చెప్పడానికి పుట్టిన నంబరు రెండేళ్ళలో తాళంచెవి అయి కూర్చుంది.

పొరపాటు సరిగ్గా అక్కడ జరిగింది. ఎవరో చెప్పడం ఒక పని, చెప్పింది నిజమేనని రుజువు చేయడం వేరే పని. బ్యాంకులో మీ ఖాతా నంబరు చెబితే మీ ఖాతా ఏదో గుమాస్తాకు తెలుస్తుంది. అంతమాత్రాన ఆయన డబ్బు చేతిలో పెట్టడు, సంతకమో వేలిముద్రో అడుగుతాడు. వెరిచిప్ దగ్గర ఉన్నది ఖాతా నంబరు మాత్రమే, సంతకం లేదు. ఎవరు ఏ రీడర్‌తో అడిగినా అదే పదహారంకెల నంబరును మళ్ళీ మళ్ళీ చెబుతుంది. జొనాథన్ వెస్ట్‌హ్యూస్ అనే ఇంజనీరు 2006లో సొంతంగా తయారుచేసిన చిన్న పరికరంతో ఒకరి చేతిలోని వెరిచిప్ నంబరును చదివి, ఆ పరికరాన్నే ఆ చిప్పులా నటింపజేసి చూపించాడు. రీడర్‌కు తేడా తెలియలేదు. దీనికి చెయ్యి కోయనక్కర్లేదు, చిప్పు తీయనక్కర్లేదు, పరికరాన్ని ఆ చేతి దగ్గరికి తెస్తే చాలు. వెరిచిప్ అమ్మకాలు 2010లో ఆగిపోయాయి. అంతమాత్రాన ఆ లోపం దానితో పోయిందనుకోకూడదు. ప్రపంచంలో చాలా ఆఫీసుల తలుపులు ఇప్పటికీ చిప్పు సీరియల్ నంబరు చూసే తెరుచుకుంటాయి. చిప్పు లోపల ఎంత మంచి తాళం ఉన్నా రీడర్ దాన్ని అడగకుండా సీరియల్ నంబరుతోనే సరిపెట్టుకుంటుంది, ఎందుకంటే అలా బిగించడం తేలిక, చవక. ఆ నంబరును కావలసినట్టు రాసుకోగల ఖాళీ కార్డులు బజారులో దొరుకుతాయి. చేతి చిప్పుల్లో బాగా అమ్ముడయ్యే రకాలు కొన్ని పనిచేసేదే ఆ కిటుకు మీద: ఆఫీసు కార్డు నంబరును కాపీ చేసి ఒంట్లోని చిప్పులో రాసుకోవడం. అంటే మీ కార్డును మీరు ఏ దారిన చేతిలోకి ఎక్కించుకున్నారో, వేరేవాడు అదే దారిన మీ చేతిలోంచి దింపుకోగలడు. అమ్మేవాళ్ళు మొదటి సగమే చెబుతారు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి రావాలి, వస్తుంది. ఇదంతా పాత సంగతి కదా, ఇప్పుడు బ్యాంకు కార్డుల స్థాయి రక్షణ ఉన్న చిప్పులు వచ్చాయి కదా అని. నిజమే, వచ్చాయి. అవి నంబరు చెప్పి ఊరుకోవు. రీడర్ ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న వేస్తుంది. చిప్పు తన లోపల దాచుకున్న రహస్య కీతో ఆ ప్రశ్నను తిప్పి రాసి జవాబు పంపుతుంది. మధ్యలో ఎవరు విన్నా ఆ జవాబు మరోసారికి పనికిరాదు, కీ బయటికి రాదు. ఏఈఎస్ అనే పద్ధతిలో జరిగే ఈ లావాదేవీని నేరుగా బద్దలుకొట్టడం ఇవాళ ఎవరికీ సాధ్యం కాదు. అయితే ‘ఇవాళ’ అన్న మాట దగ్గరే ఆగి ఆలోచించాలి. 1990ల్లో వచ్చిన మైఫేర్ క్లాసిక్ అనే చిప్పుకు కూడా రహస్య కీ ఉండేది, దాన్ని లండన్ ఆయిస్టర్ కార్డు నుంచి నెదర్లాండ్స్ రవాణా కార్డు దాకా కోట్లాది కార్డుల్లో పెట్టారు. కీ పొడవు 48 బిట్లే, లోపలి లెక్క కంపెనీ గుట్టు. 2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సులో ఇద్దరు పరిశోధకులు ఆ చిప్పును పొరలుపొరలుగా అరగదీసి, సూక్ష్మదర్శినిలో దాని సర్క్యూట్ చదివి ఆ గుట్టు విప్పామని చెప్పారు. 2008లో నైమెగెన్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పూర్తిగా పగలగొట్టారు. తయారీ సంస్థ ఆ పరిశోధనాపత్రం అచ్చు కాకుండా ఆపమని కోర్టుకెళ్ళింది, నెదర్లాండ్స్ కోర్టు ఒప్పుకోలేదు. ఆ తర్వాత రవాణా సంస్థలు చేసిన పని కార్డులు మార్చడం. ఖర్చయింది, తలనొప్పి అయింది, కానీ అయిపోయింది. అదే చిప్పు లక్షల మంది చేతుల్లో ఉండి ఉంటే మార్చాల్సింది చేతుల్లోది. భద్రతా విధానాలకు ఆయుష్షు తక్కువ, చాలావాటికి పది పదిహేనేళ్ళు నిలబడటమే గొప్ప. అంత తొందరగా ముసలిదయ్యే వస్తువును, మార్చడానికి అంత కష్టమైన చోట పెట్టడం ఇంజనీరింగ్ లెక్కలో తప్పు. చిప్పు మంచిదైనా సరే ఈ లెక్క మారదు.

నిజానికి చిప్పు మంచిదైతే పరిస్థితి ఇంకాస్త చిక్కుపడుతుంది. హార్వర్డ్ మెడికల్ స్కూల్‌లో సమాచార విభాగానికి అధిపతిగా ఉన్న జాన్ హలాంకా అనే డాక్టరు 2004లో వెరిచిప్ వేయించుకున్నాడు. 2006లో ఆయన, వెస్ట్‌హ్యూస్, మరో ఇద్దరు భద్రతా పరిశోధకులు కలిసి ఆ చిప్పు నకలు గురించి ఒక పత్రం రాశారు. వాళ్ళు తేల్చింది వినడానికి తలకిందులుగా ఉంటుంది: ఒంట్లో పెట్టే గుర్తింపు చిప్పు సులభంగా నకలు అయ్యేదిగా ఉండటమే దాన్ని మోసేవాడికి క్షేమం, దాన్ని ప్రవేశానికి తాళంగా వాడనే కూడదు. కారణం దొంగ వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. నకలు తీయడం తేలికైతే వాడు పక్కనుంచి నకలు తీసుకుని పోతాడు. నకలు తీయడం అసాధ్యమైతే, లోపలున్నది విలువైనదైతే, వాడికి కావలసింది అసలు చిప్పే. అది మీ చేతిలో ఉంది. ఇది ఊహాగానం కాదు. 2005లో మలేసియాలో వేలిముద్రతో స్టార్టయ్యే మెర్సిడెస్ కారును దోచుకున్న దొంగలు, యజమాని లేకుండా బండి కదలదని గ్రహించి అతని వేలి కొస నరికి పట్టుకుపోయారు. ఈ ఒక్క పత్రంతో చేతి చిప్పు బోనులో ఇరుక్కుంటుందని నా అభిప్రాయం. బలహీనమైన చిప్పు తలుపును కాపాడదు. బలమైన చిప్పు తలుపును కాపాడుతుంది గానీ ప్రమాదాన్ని తలుపు మీంచి మనిషి మీదికి నెడుతుంది. జేబులోని కార్డును కత్తి చూపించి అడిగితే ఇచ్చేసి ఇంటికి వెళ్ళొచ్చు, పది నిమిషాల్లో దాన్ని బ్లాక్ చేయించవచ్చు. ఆ తేలికదనమే కార్డులో భద్రత.

మరి వేలిముద్ర సంగతేమిటని అడుగుతారు. వేలు కూడా ఒంట్లోదే, దాన్ని నమ్ముతున్నాం కదా. తెలుగు రాష్ట్రాల్లో రేషన్ షాపుకు వెళ్ళినవాళ్ళకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఈ-పాస్ యంత్రం మీద వేలు పెట్టడం, కూలి పనితో గీతలు అరిగిపోయిన చేతులకు ముద్ర పడకపోవడం, మళ్ళీ తుడిచి పెట్టడం రోజూ చూసేదే. నకలు సంగతీ ఇక్కడిదే ఉంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద ఆన్‌లైన్‌లో కనిపిస్తున్న వేలిముద్రలను దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో నకిలీ వేళ్ళు తయారుచేసి, వాటితో ఆధార్ ధ్రువీకరణ దాటించి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. వేలిముద్ర ఒకసారి బయటపడితే మార్చుకోవడానికి ఇంకో తొమ్మిదే ఉంటాయి. ఈ పోలికలో చేతి చిప్పే మేలు, ఒప్పుకోవాలి. కొన్ని రకాల్లో నంబరును చెరిపి కొత్తది రాయవచ్చు, అక్కర్లేదనుకుంటే తీయించుకోవచ్చు, చూపించకుండా ఉండొచ్చు. కానీ ఆ సుగుణాలన్నీ చిప్పువి, అది చెయ్యి లోపల ఉన్నందుకు వచ్చినవి కావు. కార్డులో అవన్నీ ఇంకా తేలికగా ఉన్నాయి. వేలిముద్ర కంటే చిప్పు మెరుగని చూపిస్తే, కార్డు ఇంకా మెరుగని చూపించినట్టే అవుతుంది.

గుండెలో పేస్‌మేకర్లు, కంట్లో లెన్సులు పెట్టించుకుంటున్న మనిషి చేతిలో ఒక గాజు గింజకు ఎందుకు జంకాలి అనేది ఇంకో మాట. ఆరోగ్యం దృష్టితో చూస్తే ఈ జంకు కొంచెం ఎక్కువే. 2007లో ఎలుకల మీద జరిగిన పాత ప్రయోగాల వివరాలు బయటికొచ్చి, చిప్పు చుట్టూ కొన్నింటికి కణితులు వచ్చాయన్న వార్త పెద్ద అలజడి రేపింది. ప్రయోగశాల ఎలుకల్లో చర్మం కింద బయటి వస్తువు పెడితే కణితి రావచ్చన్నది తెలిసిన విషయమే. ఎన్నో ఏళ్ళుగా చిప్పులు వేస్తున్న కుక్కల్లో, పిల్లుల్లో అలాంటి సంఘటనలు చాలా అరుదు. 2004లో అనుమతి ఇస్తూ అమెరికా నియంత్రణ సంస్థ రాసిన ప్రమాదాల జాబితా ఇంతకంటే ఉపయోగకరం: చుట్టూ కణజాలం వాయడం, చిప్పు పెట్టిన చోటు నుంచి జరగడం, పనిచేయకుండా పోవడం, ఎంఆర్‌ఐ యంత్రంతో పడకపోవడం, సమాచారం చోరీ కావడం. ఎంఆర్‌ఐ తీసేటప్పుడు చేతిలో లోహం ఉందని చెప్పకపోతే ఇబ్బందే, చెప్పినా ఆ చోట చిత్రం చెదురుతుంది. వీటిలో ఏదీ భయంకరమైనది కాదు. అయితే పేస్‌మేకర్ పోలిక ఇక్కడే తెగిపోతుంది. పేస్‌మేకర్ లేకపోతే ప్రాణం పోతుంది, కాబట్టి చిన్న ప్రమాదాన్ని భరిస్తాం. ఆఫీసు కార్డు ఇంట్లో మరచిపోతే పోయేది రిసెప్షన్‌లో రిజిస్టర్ మీద సంతకం పెట్టే అయిదు నిమిషాలు. ప్రమాదం ఎంత చిన్నదైనా, ఎదురుగా తూకం వేసే లాభం అంతకంటే చిన్నదైతే త్రాసు ప్రమాదం వైపే మొగ్గుతుంది.

లాభనష్టాల లెక్కలో ఎవరూ పెద్దగా చెప్పని అంశం ఇంకొకటుంది. తాళంచెవి మీ చేతిలో ఉన్నా తాళం వేరేవాళ్ళది. సిడ్నీలో ఒక బయోహ్యాకర్ 2017లో తన ఓపల్ రవాణా కార్డులోని చిప్పును కత్తిరించి, ప్లాస్టిక్ పూత వేయించి, చేతిలో పెట్టించుకున్నాడు. డబ్బు కట్టే ప్రయాణం చేస్తున్నాడు, రీడర్ కూడా చదువుతోంది. అయినా కార్డు రూపం మార్చడం నిబంధనలకు విరుద్ధమని రవాణా శాఖ ఆ నంబరును రద్దు చేసింది. సరైన టికెట్ లేకుండా ప్రయాణించాడని 2018 మార్చిలో కోర్టు జరిమానా వేసింది, జూన్‌లో అప్పీలులో ఆ శిక్షను కొట్టేశారు. జరిమానా సంగతి పక్కన పెడితే, ఒక గుమాస్తా సర్వర్‌లో ఒక గడి మార్చగానే అతని చేతిలోనిది ఉత్త ప్లాస్టిక్ ముక్క అయింది. ఇదే పని స్నేహంగా జరిగినా సంగతి మారదు. స్వీడన్ రైల్వే సంస్థ ఎస్‌జే 2017లో చేతి చిప్పు ఉన్న సభ్యులకు దాన్నే టికెట్‌గా వాడే ఏర్పాటు చేసింది. స్వీడన్‌లో అప్పటికే వేలమంది చిప్పులు వేయించుకున్నారు. స్టాక్‌హోంలో ఎపిసెంటర్ అనే ఆఫీసుల సముదాయం 2015 నుంచి దీనికి పేరుపొందింది. చిప్పులో టికెట్ ఉండేది కాదు, సభ్యత్వ నంబరే ఉండేది. టికెట్ ఉండేది రైల్వే కంప్యూటర్‌లో. మొదట్లో టికెట్ తనిఖీ చేసేవాళ్ళకు కొన్నిసార్లు టికెట్‌కు బదులు ప్రయాణికుడి లింక్‌డిన్ పేజీ కనిపించిందని వార్తలొచ్చాయి. నవ్వు తెప్పించే సంగతే. కానీ ఒక చేతిని చదివితే ఏం కనిపించాలో నిర్ణయించేది ఆ చేతి యజమాని కాదని అంత స్పష్టంగా చూపించిన ఉదాహరణ మరొకటి లేదు. ఉపగ్రహాల గురించి భయపడేవాళ్ళు భయపడాల్సింది దీనికి. చిప్పు మిమ్మల్ని వెంటాడదు, తలుపు మాత్రం రాసిపెట్టుకుంటుంది. ఏ తలుపు, ఏ నిమిషం, ఎన్నిసార్లు బాత్రూమ్ వైపు వెళ్ళారు అన్నీ ఆ లాగ్‌లో ఉంటాయి. కార్డు వాడినా ఈ లాగ్ ఉంటుంది. తేడా ఏమిటంటే కార్డును డ్రాయర్‌లో పెట్టి ఇంటికి వెళ్ళొచ్చు. ఉద్యోగం మానేసిన రోజు కార్డును టేబుల్ మీద పెట్టి రావచ్చు.

ఇష్టపడే వేయించుకున్నారు కదా, బలవంతం లేదు కదా అన్నది త్రీ స్క్వేర్ మార్కెట్ వాళ్ళ సమాధానం. వాళ్ళు అబద్ధమాడలేదు. కాకతాళీయమో ఏమో, ఎవరికీ బలవంతంగా చిప్పు వేయకూడదని చట్టం చేసిన మొదటి అమెరికా రాష్ట్రం విస్కాన్సినే, 2006లో. తర్వాత ఉత్తర డకోటా, కాలిఫోర్నియా అదే బాట పట్టాయి. ఈ చట్టాలు అవసరమైనవే కానీ అవి ఆపేది నోటి మాటగా వచ్చే బలవంతాన్ని మాత్రమే. ఎనభై మందిలో యాభై మంది వేయించుకున్న ఆఫీసులో మిగిలిన ముప్పై మంది రోజూ కార్డు తీస్తున్నప్పుడు ఎవరూ ఏమీ అనకపోవచ్చు. పదోన్నతుల సమయంలో ‘కొత్తదానికి అలవాటుపడేవాళ్ళు’ అనే మాట ఎవరికి తగులుతుందో చట్టం చూడలేదు. యజమానికీ ఉద్యోగికీ మధ్య ‘ఇష్టం’ అనేది ఎప్పుడూ కాస్త ఏటవాలుగానే ఉంటుంది. మన దేశంలో చిప్పుల గురించి ప్రత్యేక చట్టం లేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు, ఒంటి మీద ఎవరి అధికారం వారిదేనన్న భావం అందులో భాగమే. 2023 డేటా రక్షణ చట్టం మాత్రం ఉద్యోగ సంబంధమైన కొన్ని అవసరాలకు యజమాని అనుమతి అడగకుండానే వివరాలు వాడుకునే వీలు కల్పించింది. తలుపు లాగ్ ఆ గొడుగు కిందికి వస్తుందా లేదా అని వాదించుకోవడానికి చాలా చోటుంది. అందుకే నేను గీత కాస్త ముందే గీస్తాను: తలుపు ఎవరిదో, చిప్పు కూడా వాళ్ళదే అయినప్పుడు మాత్రమే ఇది సబబు. ఉద్యోగి తలుపు కాని తలుపుకు ఉద్యోగి చెయ్యి తాళంచెవి కాకూడదు, అతను సంతోషంగా చెయ్యి చాచినా సరే.

ఈ గీతకు లోపల మిగిలే చోటు చిన్నదే అయినా ఖాళీ కాదు. గ్రాఫ్‌స్ట్రా మొదట చేసినట్టు సొంత ఇంటి తలుపు, సొంత బండి, సొంత కంప్యూటర్ తెరవడానికి ఎవరైనా చిప్పు పెట్టించుకుంటే అది వాళ్ళ సొంత వ్యవహారం. తాళమూ వాళ్ళదే, లాగ్ కూడా వాళ్ళదే, చిప్పు పాతబడితే నష్టమూ వాళ్ళదే. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, ఇదే పని ఉంగరం చేయదా అని. ఇదే రకం చిప్పును ఉంగరంలో అమర్చి పదేళ్ళకు పైగా అమ్ముతున్నారు. ఫోన్ ఎలాగూ అందరి దగ్గరా ఉంది. చాలామందికి ఉంగరం సరిపోతుంది, పోయినా కొత్తది కొనుక్కుంటారు. కొందరికి సరిపోదు. ఆపరేషన్ థియేటర్లో పనిచేసేవాళ్ళు, వంటశాలల్లో పిండి కలిపేవాళ్ళు, తిరిగే యంత్రాల దగ్గర ఉంగరం పట్టుకుంటే వేలే పోయే మెకానిక్కులు చేతికి ఏమీ పెట్టుకోకూడదు. వేళ్ళకు సరిగ్గా పట్టు చిక్కనివాళ్ళకు, తాళంచెవిని కన్నంలో దూర్చి తిప్పడమే పెద్ద పనైన వాళ్ళకు, ఇంటి తలుపు ముందు చెయ్యి ఆనిస్తే చాలనేది సరదా కాదు, ఒకరి సాయం లేకుండా ఇంట్లోకి వెళ్ళగలగడం. చిప్పులు అమ్మేవాళ్ళ ప్రకటనల్లో మాత్రం ఎప్పుడూ చేతులు బాగా ఉన్నవాళ్ళే, కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతూ ఆఫీసు తలుపు దగ్గర కనిపిస్తారు.